విప్పి కుట్టిన చొక్కాలు

"కత్తెర ఎక్కడ దాచారు?" కుట్టుమిషను ముందు కూర్చుని మూడోసారి అడిగింది ఇల్లాలు.

"ముందిది చెప్పు. ఇవాళ ఏ వారం?" అన్నాడు భర్త.

అడిగిందే అడగడం ఆయనకు ఈమధ్య పరిపాటి అయింది. పాతికేళ్లుగా ఇద్దరూ పక్కపక్క మిషన్ల మీద బట్టలు కుట్టి బతుకుతున్నారు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టిన పాపాన పోలేదు. అలాంటి మనిషి రెండు నెలలుగా ఆవిడ కుట్టిన చొక్కాలన్నీ విప్పి మళ్లీ కుడుతున్నాడు. పొయ్యి మీద గిన్నె పెడితే వచ్చి మంట ఆర్పేస్తాడు. గడప దాటితే నీడలా వెంటపడతాడు. పోయినవారం చెప్పాపెట్టకుండా తల నున్నగా గీయించుకొస్తే ఆవిడకు గుండె గుభేలుమంది.

నడుమ ఓ పది రోజులు మాత్రం, వీధి చివరి డాక్టరిచ్చిన మాత్రల పుణ్యమా అని ఇల్లు తెరిపిన పడింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ వాటిని ఆపించగానే కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి బయలుదేరదామంటే ఆయన మొండికేస్తాడేమో అనుకుంది. ఆయనే ముందుగా చెప్పులేసుకున్నాడు.

"ఆ మాత్రలు ఎందుకు ఆపించారమ్మా? వాటితో బాగానే ఉందిగా?" తలకు చుట్టిన గుడ్డ సర్దుకుంటూ డాక్టరమ్మను నిలదీసింది ఆవిడ.

"అవి స్టెరాయిడ్లు. వాటికి మెదడులోని గడ్డ కరిగి నక్కి కూర్చుంటుందమ్మా. అప్పుడు ముక్క తీసి చూసినా జబ్బేమిటో తేలదు. ఆపాక మళ్లీ బయటపడింది, పోయినవారం ముక్క తీశాం. ఇవాళ తేలింది. మెదడులో వచ్చే లింఫోమా. అరుదైన క్యాన్సరు."

భర్త కళ్లొత్తుకున్నాడు. ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఊరుకోండి. నేను లేనూ?"

ఆయన నవ్వబోయి వెక్కాడు.

"పేరు తెలియనంతసేపే దీంతో చిక్కు," అంది డాక్టరమ్మ. "ఇది మందుకు లొంగే రకం. రేపే మొదలుపెడదాం."

"మళ్లీ మిషనెక్కొచ్చా అండీ?" అడిగాడాయన.

"నాకా నమ్మకం ఉంది."

ఆవిడకు కొండంత ధైర్యం వచ్చింది. "నేను దగ్గరుండి చూసుకుంటానమ్మా. మందు వేళ తప్పనివ్వను."

డాక్టరమ్మ ఆప్యాయంగా తలూపి నర్సును పిలిచింది.

నర్సు వచ్చి, పేషెంటు పట్టీ ఇల్లాలి చేతికి కట్టింది.