నాలుగో నంబర్ గొంతు

"ఇంకో గొంతు పెట్టుకోన్రి అన్నా. యాప్‌ల ఇంకా పదకొండున్నయి. అన్నీ ఫ్రీ," అంది మమతారాణి.

కంపెనీ నేర్పిన జవాబు అదే. పొద్దుటి నుంచి అదే మాట ఆరోసారి అప్పజెప్పింది.

కౌంటర్‌కు అవతల తిమోతి కదల్లేదు. పక్క కుర్చీలో అతని భార్య హెప్సిబా, మెడ చుట్టూ కండువాతో. గొంతులో పుండు ముదిరితే ఎనిమిది నెలల కిందట ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పటి నుంచి ఆమె ఫోన్లో టైపు చేస్తుంది, ఫోన్ దాన్ని పైకి చదువుతుంది. ఆ యాప్ ఈ కంపెనీదే. కంపెనీ ఆఫీసు కరీంనగర్‌లో ఉందని తెలిసి, చెన్నూరులో మొదటి బస్సు ఎక్కి వచ్చారు ఇద్దరూ.

"పదకొండూ పెట్టి చూసినం మేడం. మా అత్త నోరు తెరుస్తలేదు."

అత్త అంటే సాయవ్వ, హెప్సిబా తల్లి. షుగర్‌తో చూపు పోయి మంచానికే అతుక్కుపోయింది. నాలుగో నంబర్ గొంతు "జర తినవే అవ్వా" అంటేనే ముద్ద మింగుతుంది, మాత్ర వేసుకుంటుంది. వేరే గొంతు పలికితే గోడ వైపు తిరిగి పడుకుంటుంది.

"గా నాలుగో నంబరొక్కటే మన తీరుగ మాట్లాడుతది మేడం. మిగిలినయన్నీ టీవీల వార్తలు చదివినట్టే. ముసలామె ఎట్ల ఇంటది?"

శుక్రవారం ఆ గొంతుకు తాళం పడింది. కంపెనీ దాన్ని తన కొత్త ఫోన్‌కు మార్చుకుంది. ముప్పై రెండు వేలు పోసి ఆ ఫోన్ కొంటేనే ఇక అది పలుకుతుంది. హెప్సిబా చేతిలో ఉన్నది గ్లాసు పగిలిన చవక ఫోన్. ఫోన్లో దాచుకున్న ఆ గొంతు మాటలు కూడా అప్‌డేట్‌తోపాటే కొట్టుకుపోయాయి. ఇవాళ సోమవారం. మూడు రోజులుగా సాయవ్వ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఊళ్లో డాక్టరు సెలైన్ ఎక్కించి, ఇంక రెండు రోజులకు మించి తన వల్ల కాదని చెప్పేశాడు.

"గొంతు మనిషిది గదా మేడం. కంపెనీది ఎట్లైతది?"

తిమోతి అరిచినంత పని చేశాడు. టోకెన్లు పట్టుకొని కూర్చున్న జనం ఇటు తిరిగారు.

"మనిషిదే అన్నా. సంతకం పెట్టినంక కంపెనీది. 'అది నా గొంతు' అని ఇచ్చినోళ్లు గూడ ఎక్కడ చెప్పొద్దు. చెప్తే ఐదు లక్షలు కట్టాలె. గట్ల రాయించుకుంటరు."

తిమోతి ఏదో అనబోయాడు. హెప్సిబా అతని చెయ్యి గట్టిగా నొక్కింది. నలుగురిలో గొడవ ఆమెకు ఇష్టం లేనట్టుంది. ఫోన్ తీసి టైపు చేసింది.

"మా అమ్మ చనిపోతుంది మేడమ్. దయచేసి ఒక్క వారం రోజులు ఆ గొంతు ఇవ్వండి," అంది ఫోన్, సబ్బుల ప్రకటన చదివినంత హాయిగా.

టైపు చేసిన మనిషి కళ్లలోంచి మాత్రం నీళ్లు కారిపోతున్నాయి. మమత లేచి మేనేజర్ ఓంప్రకాశ్ గదిలోకి వెళ్లింది.

ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. "ఒకలకిస్తే అందరడుగుతరు. కొత్త ఫోన్ వాయిదాల మీద ఉందని చెప్పు. తీసుకోకపోతే నెక్స్ట్ టోకెన్ పిలువు."

మమత వాళ్ల బాపుది సిరిసిల్లలో మరమగ్గం పని. ముప్పై ఏళ్లుగా నేస్తున్నాడు. నేత ఆయనది, బట్ట మీద ముద్ర సేటుది. లోకం తీరే అంత అనుకుంటూ పెరిగిన పిల్ల. ఇవాళ మాత్రం ఒళ్లు మండిపోయింది.

తిరిగి వచ్చేసరికి తిమోతి కౌంటర్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "తప్పంత నాదే హెప్సీ, నేనే ఒప్పించిన," అంటున్నాడు. ఇందులో అతని తప్పేముందో మమతకు అర్థం కాలేదు.

అప్పుడు తట్టింది ఆమెకు. తను ఉద్యోగంలో చేరకముందు, రెండేళ్ల కిందట, ఆ గొంతుల రికార్డింగ్ ఈ ఆఫీసు వెనుక గదిలోనే జరిగిందట. గొంతులిచ్చినవాళ్ల ఫైళ్లు అక్కడి బీరువాలోనే ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఊడనీ అనుకుంది.

ఓంప్రకాశ్ టీ తాగడానికి కిందికి దిగాడు. మమత ఇద్దరినీ వెనుక గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది.

"యాప్‌ను మరిచిపోన్రి అన్నా. గా గొంతు మన దిక్కామెదే అయి ఉంటది. మన మాట గంత మంచిగ ఇంకెవ్వరు మాట్లాడుతరు? ఊరు, పేరు చూసి చెప్త. సక్కగ ఆమె ఇంటికే పోన్రి. తిను, తాగు, మందేసుకో అని నాలుగు మాటలు మీ ఫోన్ల చెప్పించుకోన్రి. గవి మీ సొంతం. ఎవ్వడు తాళం వెయ్యడు."

తిమోతి వద్దన్నట్టు తల ఊపాడు. హెప్సిబా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. ఎగిరి గంతేయాల్సిన మనుషులు ఇట్లా అయిపోయారేమిటి? తన నౌకరీ గురించి భయపడుతున్నారని సరిపెట్టుకుంది మమత.

"నా ఫికర్ చెయ్యకున్రి అక్కా. ఆమె గూడ ఒక తల్లి బిడ్డనే గదా, కాదంటదా? అవసరమైతే నేను గూడ వచ్చి కాళ్లు పట్టుకుంట."

బీరువాలోంచి నాలుగో నంబర్ ఫైలు లాగి, దుమ్ము దులిపి, తెరిచింది.

మొదటి పేజీకి అంటించిన ఫోటోలో, మైకు ముందు కూర్చొని నోరారా నవ్వుతున్నది హెప్సిబా.