మోగని డ్రమ్ము

ఊరి బోరునీళ్ళలో రేడియేషన్ ఉంది. దాన్ని పట్టుకోవడానికి నీటిశుద్ధి ప్లాంటు ట్యాంకులో ఆవగింజలంత రెసిన్ గుళికలు పోస్తారు. పట్టుకున్న విషం వాటిలోనే ఉండిపోతుంది కనుక, నిండిన గుళికలను డ్రమ్ములోకి తీసి గట్టిగా మూత బిగిస్తారు. అలాంటి డ్రమ్ము దగ్గర రేడియేషన్ మీటరు పెడితే చెవులు చిల్లులు పడేలా మోగాలి.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటరమ్మ పెట్టి చూసింది. మీటరు మూగనోము పట్టింది.

పాడైందేమోనని బోరు పైపు దగ్గర పెట్టింది. టిక్కు టిక్కుమంది. శుభ్రమైన నీళ్ళు వెళ్ళే పైపు దగ్గర ఉలుకూ పలుకూ లేదు. మరి పట్టుకున్నదంతా ఏమైనట్టు?

పగలు డ్రమ్ము నింపింది ఆమె మరిదే. ఈ మధ్య ఎందుకో ముఖం చాటేస్తున్నాడు. ఇప్పుడు ఇంట్లో ఆమె కూతురికి కాపలా ఉన్నాడు. ఫోన్ చేసింది.

"డ్రమ్ములో పోసింది పాత గుళికలేనా?"

"అవే వదినా. ఏం?"

"మోగట్లేదు."

ఫోనులో, అతని వెనక ఎక్కడో, టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. అందరికీ కలిపి ఉన్న ఒక్క మీటరూ ఆమె చేతిలోనే, మూగగా ఉంది.

"అక్కడ ఆ చప్పుడేంటి?"

"చప్పుడా? పాప లేచింది. ఇదిగో, నీతో మాట్లాడుతుందట."

చిన్న అడుగులు ఫోను వైపు వచ్చాయి. వాటితో పాటే టిక్కులూ దగ్గరపడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ హోరైపోయాయి.

"అమ్మా, గుళికల నీళ్ళన్నీ తాగేశా, మళ్ళీ దాహమేస్తోంది," అంది పాప. "నీకు చెప్పొద్దన్నాడు బాబాయ్."