పీటముడి

“వదినా, తాడు నువ్వే లాగు,” అన్నాడు కొత్త సర్పంచి కోటేశ్వరరావు.

రాజ్యలక్ష్మి జెండా కర్ర దగ్గర్నించి ఒకడుగు వెనక్కి వేసింది.

స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఊళ్ళో జెండా ఎగరేసింది ఆమె మామగారి తండ్రి. అప్పట్నించీ ఆ తాడు వాళ్ళింటి వాళ్ళదే. మొన్న ఎన్నికల్లో భర్త ఓడిపోయాక అది కోటేశ్వరరావు చేతికి పోయింది. జెండా మడిచి కట్టే పని మాత్రం ఎప్పటిలా ఆమెకే వదిలారు. జారుముడి వేయాల్సిన చోట ఆమె కావాలనే పీటముడి బిగించింది. విచ్చుకోని జెండాకు పూలెందుకని లోపల ఒక్క పువ్వూ పెట్టలేదు. ఊరంతా చూస్తుండగా వాడు తాడు లాగలేక నవ్వులపాలు కావాలి.

“నాకెందుకయ్యా? గెలిచినోడివి, నువ్వే లాగు.”

“మీ ఇంటి జెండా వదినా. అన్న ఎట్టాగూ గడప దాటలా. నువ్వన్నా లాగు.”

“నా చేతుల్లో బలమేదీ?”

“ముడి బిగించేటప్పుడు చానా ఉందిగా,” అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా.

వీడికి తెలిసిపోయింది. ఇక వెనక్కి తగ్గితే వాడు రెండోసారి గెలిచినట్టే. పళ్ళు బిగించి తాడు గుంజింది.

జెండా ఒక్క లాగుడుకే విచ్చుకుంది. గులాబీ రేకులు జలజలా ఆమె తలమీద రాలాయి. చప్పట్లు మోగాయి.

“మా పెరట్లోవి వదినా. పైకెక్కించే ముందు నేనే విప్పి మళ్ళీ కట్టా. ఎవరికీ చెప్పలా.”

రాజ్యలక్ష్మి జెండాకు సెల్యూట్ చేసింది. నెత్తిమీద రేకులు మిరప్పొడిలా మండుతున్నాయి. ఊరంతా చూస్తోంది, దులుపుకోవడానికి లేదు.