పళ్ల డాక్టరు, పుచ్చిన వ్యాను

ఆదివారం పొద్దున్నే పళ్ల డాక్టరు వ్యాన్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తలకి లైటు కట్టుకుని, ముక్కుకి మాస్కు తగిలించుకుని, తలుపు అడుగు భాగాన్ని సన్నటి కొక్కెంతో గీకుతున్నాడు. పళ్ల మీద గార తీసే కొక్కెం అది. పైకి కనిపించింది పెయింటు ఉబ్బిన చిన్న పొక్కే. గీకేకొద్దీ అరచేతి మేర తుప్పు రాలింది.

"పుచ్చు ఎప్పుడూ ఇంతే. పైకి ఆవగింజ, లోపల గుమ్మడికాయ," అని వ్యాన్‌కి నచ్చజెప్పాడు.

వ్యాన్ బాగా పాతది. దాన్ని బతికించుకోవడం డాక్టరుకి చావుబతుకుల సమస్య. ఆ సమస్య వంటింటి కిటికీలో నిలబడి ఆయన్నే చూస్తోంది.

ఆయన భార్య ఎప్పుడో తేల్చి చెప్పేసింది. "ఆ వ్యాన్ తుక్కుకి పోయిన మర్నాడు మన గుమ్మం ముందు కొత్త వ్యాన్ ఉండాలి."

ఆవిడ మాటంటే మాటే. కొత్త వ్యాన్ వస్తే ఏమవుతుందో డాక్టరుకి తెలుసు. ఆవిడకి ముగ్గురు అన్నలు. ముగ్గురికీ భార్యలు, పిల్లలు, ప్రయాణంలో వాంతులు. ఆదివారం వచ్చిందంటే అందర్నీ ఎక్కించుకుని ఊళ్లు తిప్పాలి. పెద్ద బావమరిది ముందు సీటు తనదేనని అప్పుడే చెప్పేశాడు కూడా. వారమంతా జనం నోళ్లలోకి చూసే మనిషికి మిగిలింది ఆదివారం నిద్ర ఒక్కటే. అది కూడా పోతుందంటే ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ నిద్ర కాపాడుకోవడానికే కొన్ని నెలలుగా ఆదివారాలు నిద్ర మానేసి తుప్పు గీకుతున్నాడు.

పెయింట్ల కొట్టాయన మొదట్లోనే నిజం చెప్పాడు. తుప్పు పట్టిన ఇనుము మళ్లీ కొత్తదవదని, మహా అయితే తుప్పు నడకని నెమ్మది చేయొచ్చని. డాక్టరు ఆ మాటకి పొంగిపోయాడు. పళ్ల గురించి తను జన్మంతా చెబుతున్నదీ అదే. ఇనుము మెరిసేదాకా గీకాడు. మందు పూసి, మిగిలిన తుప్పు నల్లబడేదాకా ఆగాడు. ఎర్ర ప్రైమరు రెండు పూతలు వేసి, ఆపైన రంగు కొట్టాడు. తలుపుల అడుగున నీళ్లు పోయే కన్నాల్లో ఎండుటాకులు ఇరుక్కుంటే వాటినీ కొక్కెంతో లాగేశాడు. ఈ ధ్యాసలో పడి ఓ సోమవారం ఒక పెద్దావిడ నోట్లోకి చూసి, "కంగారేం లేదమ్మా, ప్రైమరు రెండు పూతలు వేద్దాం," అన్నాడు. ఆవిడ మళ్లీ రాలేదు.

భార్య కూడా చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. తడి దుప్పట్లు పిండకుండా తెచ్చి, సరిగ్గా వ్యాన్ పైకి నీళ్లు కారేలా దండెం మీద వేసేది. మొక్కలకి నీళ్లు పెడుతుంటే పైపు ఎందుకో చక్రాల వైపే తిరిగేది. అడిగితే, పాపం దుమ్ము పట్టిందని కడిగానంది. డాక్టరు పొడిగుడ్డ తెచ్చి మూలమూలా తుడిచాడు. ఆ ఇంట్లో మాటలు తగ్గి నీళ్లూ గుడ్డలూ ఎక్కువయ్యాయి.

ఈ పూటతో పని పూర్తయినట్టే. మెట్టు కింద ఒక్క చోటు మిగిలింది. డాక్టరు బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు కణుపుదాకా లోపలికి దిగిపోయింది.

వేలు అక్కడే ఉంచి, కిటికీ వైపు ఓరగా చూశాడు.

"ఏమైంది?" అంది భార్య కిటికీలోంచి.

"ఏం లేదు."

"చిల్లు పడిందా?" ఆ గొంతులో బోలెడు ఆశ ఉంది.

"నొక్కి చూస్తున్నా."

"ఇంతసేపా?"

"లోతుగా చూస్తున్నా."

వేలు తీస్తే చిల్లు బయటపడుతుంది. చిల్లు బయటపడితే ఆవిడ వీధంతా టాంటాం వేస్తుంది. ఆ తర్వాత వ్యాన్ తుక్కుకి పోవడం ఎంతసేపు? అందుకని ఆయన వేలు తియ్యలేదు. మోకాళ్లు తిమ్మిరెక్కాయి. చీమ ఒకటి మెడ మీదుగా చెవిలోకి షికారు బయల్దేరింది. ఆయన కదల్లేదు. కిటికీలో ఆవిడా కదల్లేదు. చివరికి స్టవ్ మీద పాలు పొంగి డాక్టరు ప్రాణం కాపాడాయి.

ఆవిడ పొయ్యి తుడుచుకుని, పాలు మళ్లీ కాచి, కాఫీ కలుపుకుని వచ్చేసరికి చిల్లు మీద రేకుముక్క బుద్ధిగా కూర్చుంది. మధ్యాహ్నానికి దాని మీద రంగు కూడా ఆరింది. ఇంత నీటైన ఫిల్లింగు తను ఏ నోట్లోనూ చేయలేదని డాక్టరు మురిసిపోయాడు.

సాయంత్రం భార్య వచ్చి వ్యాన్ చుట్టూ ప్రదక్షిణం చేసింది. వంగి చూసింది. అనుమానం వచ్చిన చోటల్లా వేలితో పొడిచింది. ఎక్కడా దిగలేదు.

"మా అన్నయ్యలకి ఏం చెప్పమంటారు?" అంది నీరసంగా.

ఆ గొంతు విని డాక్టరుకి జాలేసింది. వచ్చే ఆదివారం గుర్తొచ్చి ఆ జాలి కాస్తా పోయింది.

ఇంతలో పక్కింటాయన తాళంచెవి తిప్పుకుంటూ వచ్చి, రెండిళ్ల మధ్య ఆపుకునే తన వ్యాన్ తను ఎక్కి, "మీ చలవ వల్ల ఇంకో ఐదేళ్లు మేం కొత్త వ్యాన్ మాటే తలపెట్టం డాక్టరుగారూ," అనేసరికి, పక్కింట్లోకి కొత్తది వచ్చాక తప్ప ఏ వస్తువునీ తనింటికి తేవడం ఎరగని ఆ ఇల్లాలు గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది.