పాసైనవాళ్ళకు చోటు లేదు

"పాసైనవాళ్ళకు ఇక్కడ చోటు లేదు పెద్దమ్మా. ఇంటికి వెళ్ళు." టీచరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి గొంతు తగ్గించి చెప్పింది.

ఇస్త్రీ పెద్దమ్మ కదల్లేదు. పలక చంకలోనే ఉంది. "ఓ మూల కూర్చుంటానమ్మా. బట్టల మీద పేర్లు చదవడం రాక మొన్న డాక్టరుగారి చొక్కా మాంసం కొట్టాయనకు ఇచ్చొచ్చాను. ఆయన అది తొడుక్కుని కొట్లో కూర్చున్నాడు కూడా!"

లోపల చదువుకోవడానికి వచ్చిన పెద్దవాళ్ళంతా గొల్లుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు.

తనిఖీకి వచ్చిన అధికారి కుర్చీలోంచి లేచాడు. "పరీక్షలో అందరికన్నా ఎక్కువ మార్కులు ఈవిడకేనా? రండమ్మా, రండి!"

"ఈవిడకే సార్," అంది టీచరమ్మ, చేతికున్న సుద్దపొడి చీరకు తుడుచుకుంటూ. పెద్దమ్మ ముఖంలోకి మాత్రం చూడలేదు.

"నాకేం రాదు బాబూ. మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంటా. కూర్చోనివ్వండి."

"నిండు కుండ తొణకదంటే ఇదే!" అధికారి మురిసిపోయాడు. "సరే, ఒక మాట అడిగి రాయిస్తాను. తప్పులు రాశారో, మళ్ళీ క్లాసుకు రావాల్సిందే."

"మాట తప్పరుగా?"

"తప్పను. అపకారం అంటే ఏమిటి?"

"కీడు బాబూ. పగవాడు చేసేది."

"అయినవాళ్ళు చెయ్యరా?"

పెద్దమ్మ పలక చంక మార్చుకుంది. "చేస్తారు. కాకపోతే వాళ్ళు చేసేటప్పుడు అది మేలులాగే ఉంటుంది."

"భలే చెప్పారు! దానికో ఉదాహరణ బోర్డు మీద రాయండి."

టీచరమ్మ గబుక్కున సుద్దముక్క అందుకుంది. "ఆవిడకు చెయ్యి వణుకుతుంది సార్. చెప్తే నేను రాస్తాను."

"వద్దమ్మా. ఈసారి నేనే రాస్తా."

సుద్దముక్క విరిగింది. విరిగిన ముక్కతోనే రాసింది. ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, కొంగుతో చెరిపి, మళ్ళీ దిద్దింది. క్లాసంతా కూడబలుక్కుంటూ ఆమె వెంటే పైకి చదువుతోంది. టీచరమ్మ తల వంచుకుని, బోర్డు వైపు చూడకుండా, ఆ గొంతులే వింటోంది.

ఉన్నట్టుండి గొంతులన్నీ ఆగిపోయాయి.

బోర్డు మీద, గుడిదీర్ఘాలు ఎగిరిపోయి, వంకరటింకరగా ఉంది:

"నా పరిక్ష టిచరమ్మ రాసింది."