మిషను నొసటి బొట్టు

"ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

వెంకటేశ్వరరావు పటాన్‌చెరులో గొంతెత్తితే గడ్డపోతారంలో బాయిలర్ ఆగేదని చెప్పుకునేవారు. బాయిలర్ల మనిషే మరి. ఎలక్ట్రానిక్ కార్డులు చూసే ఇంజనీరు మానేసి పోవడంతో, ఈ ఇంజెక్షన్ల ఫ్యాక్టరీలో ఆ పని కూడా వారం కిందటే ఆయన నెత్తిన పడింది.

సీసాలు నింపే మిషను కార్డు ఆయన ముందు బల్ల మీద ఉంది. దాని మధ్యలో బోలెడు కాళ్ళున్న చిప్పు. ఇంజనీర్లు దాన్ని ఈప్రామ్ అనేవారు, మిషను నడిపే కిష్టప్ప జెర్రి అనేవాడు. ఎంత మందు పొయ్యాలో, ఎక్కడ ఆగాలో మిషనుకు చెప్పే బుద్ధంతా అందులోనే ఉంది. జెర్రి వీపున చిన్న గాజు కిటికీ. కిటికీ మీద ఎర్రటి బొట్టుబిళ్ళ.

"నేనే పెట్టిన సారూ," అంది ఊడ్చే సంగమ్మ. "దసరాకు మిషన్లకు బొట్లు పెట్టమన్నరు గద. దీని కాగితం ఊడిపోయి నొసలు బోసిగ కనబడ్డది."

"నీ నుదుట పెట్టుకోవాల్సింది తెచ్చి దీనికి పెడతావా?"

సంగమ్మ చీపురు గోడకు ఆనించింది. కిష్టప్ప తల దించుకుని గ్లవ్స్ సర్దుకున్నాడు.

"రేపు తనిఖీవాళ్ళొస్తున్నారు. ఇది చూశారంటే మనకే నామాలు పెట్టి పోతారు."

రావు గోటితో బిళ్ళ పీకి, స్పిరిట్‌తో కిటికీని తళతళలాడించాడు. "డబ్బాలో కాపీ చిప్పు ఉండాలే. దానికీ పెట్టావా?"

"పెట్టిన సారూ."

"దానిదీ పీకు. పీకి, రెండూ లైటు పెట్టెలో పెట్టు."

మందు నింపే గదిలోకి గుండుసూది పోవాలన్నా ఆ పెట్టెలో నీలం లైటు కింద అరగంట ఉండాల్సిందే. క్రిములు చస్తాయి. అక్కడి పద్ధతి అది.

అరగంటయ్యాక కిష్టప్ప లోపల కార్డు బిగించి బటన్ నొక్కాడు. మిషను కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. అద్దం వెనక నుంచి రెండు చేతులూ ఊపాడు.

"నీ బొట్టు జిగురే దీన్ని చంపింది," అన్నాడు రావు. "రేపు మిషను నడవకపోతే లైసెన్సు పోతుంది. అంతకంటే ముందు నువ్వు పోతావు. గేటు దగ్గర గుర్తింపు కార్డిచ్చేసి వెళ్ళు."

"జెర ఆగుండ్రి సారూ. నాకు గీ పనొక్కటే ఆధారం."

రావు వినకుండా మద్రాసుకు ఫోన్ చేశాడు. మిషను తయారుచేసినాయన అంతా నింపాదిగా విన్నాడు.

"చిప్పు కిటికీ మీద కాగితం ఉందాండీ?"

"లేదు. బొట్టుబిళ్ళ ఉంటే పీకేశాను."

"పీకి?"

"నీలం లైటు కింద అరగంట పెట్టించాను."

అవతల పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అందులో రాసింది చెరపాలంటే మేం చేసేదీ అదేనండీ. ఆ లైటే, ఆ అరగంటే, ఆ కిటికీలోంచే. దసరా నుంచీ దాన్ని కాపాడింది ఆ బొట్టే. పోనివ్వండి, కాపీ ఉందిగా?"

రావు రిసీవర్ రెండో చెవికి మార్చాడు. "దాన్ని కూడా... పెట్టించాను."

"అయితే కొత్తది రాసి పంపేసరికి నెల."

రావు ఫోన్ పెట్టేశాడు. బాయిలర్లను ఆపిన గొంతులోంచి గాలి కూడా రాలేదు.

సంగమ్మ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఎట్లయినా పంపిస్తుండ్రు. ఇంకో తప్పు గూడ చెప్పి పోత సారూ," అంటూ డబ్బా తెచ్చి ఆయన ముందు మూత తీసింది.

కాపీ చిప్పు. దాని కిటికీ మీద ఎర్రటి బొట్టు చెక్కుచెదరలేదు.

"దీన్ని లైటుల పెట్టలే. దసరాకు ఒక్క అట్ట మీదియే మూడు బిళ్ళలు తీసిన. దానికొకటి, దీనికొకటి, నాకొకటి. నాది పోయిన నెల మా ఇంటాయన దినాలనాడు తీసిండ్రు సారూ. దీనిది తియ్యనీకి నాకు చేతులు రాలే."