మాట చూడాలట!

పాడైన వీడియోలు బాగుచేసే కొట్లోకి వస్తూనే ఒకావిడ ప్లామెన్ ముందు ఒక చిన్న గ్లాసు పెట్టింది. చక్కెర కలిపిన ఉడికించిన గోధుమలు, పోయినవాళ్ళ పేరున పంచేవి.

ఎవరో పోయారన్నమాట. ప్లామెన్ లేచి నిలబడి, "పోయినవాళ్ళని దేవుడు క్షమించాలి," అని ఓ చెంచాడు నోట్లో వేసుకున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది.

నల్ల రుమాలు కట్టుకున్న ఆవిడ నోరు మెదపలేదు. ఫోన్లో ఏదో టైపు చేసి, మెమరీ కార్డుతో పాటు చూపించింది.

"బొమ్మ రావడం లేదు. ఇందులో మా ఆయన చివరిసారి మాట్లాడాడు. ఆ మాట చూడాలి."

డాన్యూబ్ నది వంతెన దాటి బల్గేరియాలోని ఈ రూసె ఊరికి బజారుకొచ్చే రుమేనియా వాళ్ళంతా ఇంతే. ఫోన్ చేత తర్జుమా చేయించి చూపిస్తారు. ఈవిడా అదే బాపతు అనుకున్నాడు ప్లామెన్.

"మాట చూడాలట, కుంచో అన్నా!" అన్నాడు, పక్క క్షవరం కొట్టు నుంచి కాఫీకి వచ్చి కూర్చున్న కుంచోతో. "వంతెన అవతల మాటల్ని చూస్తారు కాబోలు!"

"మెల్లగారా. వింటుంది."

"విని ఏం చేస్తుంది? మన భాష ఒక్క ముక్క రాదు."

ఆవిడ అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.

ప్లామెన్ ఫైలుని తన కంప్యూటర్లోకి కాపీ చేసి తెరిచాడు. నల్లటి తెర. ఏదో పాత కెమెరాతో తీసింది. ఆ బొమ్మను విప్పే కోడెక్ అనే సాఫ్ట్‌వేర్ తన దగ్గర లేదు. వెతికితే దొరుకుతుంది. కానీ ప్లామెన్‌కి ఓ అలవాటుంది. ముందు గొంతు వింటాడు. గొంతు పనికొచ్చేదైతేనే బొమ్మ కోసం వెతుకుతాడు.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. కుర్చీ కిర్రుమంది. బట్టలు గరగరలాడాయి. ఎవరో బల్ల మీద కొట్టారు. అరచేతికి అరచెయ్యి తగిలిన చప్పుడు. చివరిదాకా జరిపి చూశాడు. మాట మాత్రం లేదు.

"ఇందులో ఏమీ లేదమ్మా. ఖాళీ."

ఆవిడ అతని చొక్కా పట్టుకుని మళ్ళీ ఫోన్ చూపించింది. 'మా ఆయన మాట్లాడాడు.'

ప్లామెన్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ ముఖం మీదే నవ్వుతూ, "అన్నా, బతికున్నన్నాళ్ళూ ఈవిడ నోరు తెరవనిచ్చి ఉండదు. పోయేముందు మాత్రం ఏం మాట్లాడతాడు పాపం!" అన్నాడు.

కుంచోకి నవ్వొచ్చి కాఫీ పొలమారింది.

ఆవిడ చొక్కా వదిలేసి, కార్డు తీసుకుంది. వెళ్తూ వెళ్తూ, సంచిలోంచి ఇంకో గ్లాసు తీసి కుంచో ముందు కూడా పెట్టింది.

"మంచిదేరా పాపం," అన్నాడు కుంచో, గోధుమలు నములుతూ.

మర్నాడు ఒకాయన మనవడి బాప్తిస్మం వీడియో తెచ్చాడు. అదీ అలాంటి పాత కెమెరాదే. పాటలూ కేకలూ బోలెడు వినిపించాయి. ప్లామెన్ వెతికి కోడెక్ పట్టుకొచ్చాడు. పనయ్యాక నిన్నటి ఫైలు కంటపడితే, ఊరికే నొక్కాడు.

బొమ్మ వచ్చింది.

కుర్చీలో దిండుకి ఆనుకుని ఒక ముసలాయన. ఆయన చేతులు ఆగడం లేదు. వేళ్ళు గాలిలో తిరుగుతున్నాయి, గుండెను తాకుతున్నాయి, అరచెయ్యి అరచేతిని తడుతోంది. పక్కన ఆవిడ. చేతులతోనే జవాబు చెప్తోంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన బల్ల మీద కొట్టి ఆవిడ చూపు తనవైపు తిప్పుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. చివరిదాకా ఒకటే మాటలు.

వెనక గోడ మీద చిన్న జెండా. 'రూసె బధిరుల సంఘం, చదరంగం విజేత' అని బల్గేరియన్‌లో రాసి ఉంది.

ప్లామెన్ చెవులు వేడెక్కాయి. తిన్నది ఆ మనిషి పేరున పెట్టిన గోధుమలు. వెక్కిరించిందీ ఆ మనిషినే.

"ఆవిడ మన ఊరావిడే అన్నా," అన్నాడు, ఆ రోజూ కాఫీకి వచ్చి కూర్చున్న కుంచోతో.

కుంచో తెర వంక చూసి, గడ్డం గోక్కున్నాడు.

"పోనీలేరా. ఆ సంఘంలో అడిగి బొమ్మ ఇచ్చేసిరా. ఎలాగూ చెవులు వినపడవు కాబట్టి, మనం అన్నవేవీ వినలేదు. బతికిపోయాం."

నిన్న వచ్చినప్పటి నుంచి వెళ్ళేదాకా ఆవిడ తన కళ్ళలోకి ఒక్కసారి కూడా చూడలేదనీ, రెప్ప వేయకుండా తన పెదవుల కదలికనే చూస్తూ నిలబడిందనీ ప్లామెన్‌కి అప్పుడే గుర్తొచ్చింది.